నాలుగు జీబీ ఎక్కువ

జూన్ 8, సోమవారం

కంప్యూటర్‌కి కొనబోయే గ్రాఫిక్స్ కార్డు చెడిపోతే నా జీతంలో పట్టుకుంటారట. చీరల షాపు వాళ్ళది, కంప్యూటర్ వాళ్ళది, లాభం వాళ్ళది. గ్యారంటీ మాత్రం నేను.

పోయిన నెల కార్డుకి ఇరవై ఎనిమిది వేలు ఇస్తామన్నారు. ఇవాళ పద్దెనిమిది అన్నారు. కృష్ణప్ప షావుకారు తెల్ల పరుపు మీద కూర్చుని పంచాంగం చదివినట్టు చెప్పాడు.

"అధికమాసం అమ్మా. పెండ్లిండ్లు లేవు, బేరాలు లేవు. ఉండేదాంట్లో చూసుకో."

"పద్దెనిమిదికి మంచిది కొత్తది రాదు షావుకారూ. వాడింది కొనాల్సి వస్తుంది."

"వాడిందే కొను. నువ్వే కదా ఆరిందావి. చెడిపోతే మాత్రం నెలకి రెండువేలు నీ జీతంలో పట్టుకుంటా. ఇప్పుడే చెప్తా ఉండా, రేపు ఏడవొద్దు."

పక్కనే ఆయన కొడుకు మంజన్న. ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "శ్రావణం కేటలాగ్ జులై ఫస్ట్ వీక్‌లో పోవాల శశీ. నీతో కాదంటే చెప్పు. కాడుగోడిలో ఒక స్టూడియోవాడు ఉండాడు, వాడికి ఇచ్చేస్తా."

కాదంటే చెప్పు అంటే ఏమిటో నాకు తెలుసు. మేడమీద గదిలో ఆ కంప్యూటర్ ఉన్నంతవరకే నేను మేడమీద. అది పోతే కిందికి దిగి మళ్ళీ చీరలు మడతపెట్టాలి, అదీ మడతపెట్టే చోటు ఖాళీ ఉంటే.

ఇది తెలుగులో రాస్తున్నాను. షాపులో అందరూ తెలుగే మాట్లాడతారు, చదవడం ఒక్కరికీ రాదు. వాళ్ళ చదువంతా కన్నడం. మదనపల్లెలో పదో తరగతి దాకా చదివిన చదువు నాకు ఈ కాటన్‌పేటలో తాళంకప్పగా పనికొస్తోంది.

జూన్ 9

అన్నం తినలేదు. లెక్కలు వేశాను.

ఇప్పుడున్న కార్డు ఏడేళ్ళనాటిది, మెమరీ మూడు జీబీ. చీర ఫోటో ఇచ్చి, దీన్ని ఒక ఆడమనిషికి కట్టి చూపించు అని అడిగితే పదకొండు నిమిషాలు మూలుగుతుంది. పదకొండు నిమిషాల తర్వాత వచ్చే అమ్మాయికి ఆరు వేళ్ళు. నిజమైన మోడల్‌ని పిలిస్తే రోజుకి పదిహేను వేలు. అందుకే వీళ్ళకి నేను కావాలి. ఈ పని నాకు ఎవడూ నేర్పలేదు. వీడియోలు చూసి, తప్పులు చేసి, ఏడ్చి నేర్చుకున్నాను.

పద్దెనిమిదికి రెండే దారులు. కొత్తది, ఎనిమిది జీబీ, మూడేళ్ళ గ్యారంటీ, డబ్బాలో సీలుతో. లేదా ఎవరో వాడి వదిలేసింది, పన్నెండు జీబీ, గ్యారంటీ సున్నా.

వేగం గురించి అందరూ మాట్లాడతారు. అసలు సంగతి వేగం కాదు. మా షాపులో చీరలు పరిచే పరుపు లాంటిది ఆ మెమరీ. పరుపు చిన్నదైతే ఒక చీర మడిచేస్తే గాని ఇంకోటి విప్పలేం. పెద్దదైతే ఇరవై చీరలు ఒకేసారి పరిచి, పోల్చి, ఎంచి చూపించవచ్చు. చిన్న పరుపు మీద ఎంత చురుకైన పిల్ల కూర్చున్నా లాభం లేదు.

పన్నెండే కావాలి.

చెడిపోతే? నెలకి రెండువేలు, తొమ్మిది నెలలు. ఇంటికి పంపేది నాలుగు వేలు. అప్పుడు రెండే పంపగలను. నాన్నకి ఏం చెప్పాలి?

పన్నెండే.

జూన్ 10, బుధవారం

మధ్యాహ్నం కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్.పి. రోడ్డుకి నడిచి వెళ్ళాను. మూడు షాపుల్లో అడిగితే మూడు చోట్లా నా భుజం వెనక్కి చూశారు, కొనే మగవాడు వెనకాల వస్తున్నాడేమో అని. ఆ చూపుకే ముగ్గుర్నీ తన్నాలనిపించింది. నాలుగోది నగర్తపేట వైపు సందు మలుపులో, నేలమాళిగలో, మంచమంత కొట్టు. పాత కార్డులు బాగుచేసి అమ్మే సమీనా. కదిరి మనిషి, నలభై ఉంటాయి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఏదో అతికిస్తోంది.

"ఏం కావాల?"

"పన్నెండు జీబీ. పద్దెనిమిది లోపల."

"ఆటలకా, పనికా?"

"పనికి."

"ఏదీ, చేతులు చూపీ." చూపించాను. "గోళ్ళు కత్తిరించినావు. పనికే. కూచో."

నాలుగు కార్డులు వరసగా పెట్టింది. నేను తళతళలాడే దాని మీద చెయ్యి వేశాను. చెయ్యి మీద కొట్టింది.

"అది తోమిన బిందె. రెండేండ్లు రేయింబగలు బిట్‌కాయిన్ల కోసం తిప్పి, కడిగి పంపినారు. ఇదో, దీన్ని చూడు, ఇది పేరు మార్చుకునింది. నువ్వు ఎంత అని అడిగితే పన్నెండు అంటాది. లోపల ఉండేది ఆరే."

"అబద్ధం చెబుతుందా కార్డు?"

"పెండ్లిచూపుల్లో పిల్లోడు జీతం చెప్పడంల్యా, అట్ల."

మూడోది దుమ్ము పట్టి ఉంది. యశ్వంతపురంలో ఆటల సెంటర్ మూసేస్తే వచ్చిందట. "దీనికి మురికి ఉండాది. మురికి ఉండేది నిజం చెప్తాది" అంది. నేను గంటసేపు పూర్తి బరువు వేసి నడపమన్నాను. ఎవరూ అలా అడగరట, నవ్వింది. ఇద్దరం దాని పక్కన కూర్చున్నాం, జ్వరం వచ్చిన పిల్ల పక్కన కూర్చున్నట్టు. డెబ్భై నాలుగు డిగ్రీల దగ్గర ఆగింది. గంటలో ఒక్క డిగ్రీ పెరగలేదు.

దీనికి కరెంటు ఎక్కువ కావాలి, మా కంప్యూటర్‌లో ఉన్న పవర్ సప్లై చాలదు. మూడు జీబీ పాత కార్డు తనకిచ్చేస్తే వాడిన పవర్ సప్లై ఒకటి ఇస్తానంది. అన్నీ కలిపి సరిగ్గా పద్దెనిమిది.

"గ్యారంటీ?" అన్నాను. అడగకూడదని తెలిసీ.

"నేనే గ్యారంటీ. కొట్టు ఈడనే ఉంటాది, నేనూ ఈడనే ఉంటా. ఎందుకంత వణుకుతా ఉండావు పాపా?"

వణకలేదు. కింద చలిగా ఉంది.

జూన్ 12

బిగించాను. రెండు స్క్రూలు, ఒక క్లిప్పు, ఒక వైరు. వైరు గుచ్చేటప్పుడు చెయ్యి ఆగిపోయింది. ఇక్కడ తప్పు చేస్తే పొగ వస్తుంది. కళ్ళు మూసుకుని గుచ్చాను. తెలివైనవాళ్ళు తెరిచి గుచ్చుతారు.

ముప్పై ఎనిమిది సెకన్లు. ఒక బొమ్మకి. ఐదు వేళ్ళు.

గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

జూన్ 16, మంగళవారం

నిజమాసం మొదలైంది. ధర్మవరం నుంచి వచ్చిన చీరల బేలు విప్పారు. బోణీ చీర నా భుజాన.

రెండేళ్ళుగా ఇదే తంతు. బేలు విప్పగానే మొదటి చీర షాపులో ఆడపిల్ల భుజాన వేయాలి, ఫోటో తీయాలి, వాట్సాప్ గ్రూపులో ఉన్న నాలుగువందల మంది చిల్లర వ్యాపారులకి పంపాలి. ఆ తర్వాతే రెండో చీర బయటికి వస్తుంది. నాకంటే ముందు నళిని నిలబడేది, పెళ్ళై వెళ్ళిపోయింది. సరుకు కదిలితే షావుకారు చెయ్యి మంచిది. కదలకపోతే నా భుజం మంచిది కాదు. ఎడమకి తిరుగు, కుడికి తిరుగు, నవ్వు, మరీ నవ్వొద్దు.

నా కంప్యూటర్ బొమ్మల్ని గ్రూపులో పెడితే వ్యాపారులు ఎగతాళి చేశారు. చింతామణి నుంచి ఒకాయన వాయిస్ పంపాడు: "ఈయమ్మ ఎవరప్పా, చీర కట్టిన రష్యావాళ్ళ మాదిరి ఉండాది." మంజన్న పైకి వచ్చాడు.

"మన పక్క మొహం కావాల శశీ. ఇంకా ప్రతి బొమ్మలో అదే మొహం రావాల. అయితదా?"

అవుతుందన్నాను. ఒకే మనిషి ఫోటోలు ముప్పై నలభై, అన్ని వైపుల నుంచీ తీసినవి ఇస్తే, కార్డు వాటిని నమిలి ఆ మొహాన్ని ఒక ఫైలుగా చేస్తుంది. ఆ ఫైలు ఉంటే చాలు, మనిషి లేకుండానే మనిషిని ఏ చీరలోనైనా నిలబెట్టవచ్చు. ఎనిమిది జీబీ అయితే దీనికి ఆయాసపడేది. పన్నెండు కాబట్టి రెండు మూడు గంటల్లో అయిపోతుంది. "అందుకే పన్నెండు కావాలన్నాను" అని కూడా అన్నాను. ఒక మోడల్‌ని ఒక్క రోజుకి పిలిపించి, ఆమె ఒప్పుకుని సంతకం పెడితే ఏడాది పొడుగునా పనికొస్తుందని చెప్పాను.

ఎలా చేయాలో చూపించమన్నాడు. చూపించాను. రాసిమ్మన్నాడు. ఒకటి నుంచి తొమ్మిది దాకా కన్నడంలో వరసగా రాసిచ్చాను.

"జీనియస్ నువ్వు" అన్నాడు.

రెండేళ్ళలో మొదటిసారి అన్నాడు. సంతోషం వేసింది. రాస్తున్నది నా కోసమే కాబట్టి నిజం రాయాలి: చాలా సంతోషం వేసింది.

జూన్ 18

పొద్దున వెళ్ళేసరికి కంప్యూటర్ డబ్బా వెచ్చగా ఉంది. నేను నిన్న సాయంత్రం ఆపి వెళ్ళాను. ఆపి వెళ్ళానా? ఆపాను.

జూన్ 19

మళ్ళీ వెచ్చగా ఉంది. భయం వేస్తోంది. కరెంటు ఎక్కువతక్కువలు అవుతోందేమో. సమీనా నన్ను మోసం చేసిందేమో. మురికి ఉండేది నిజం చెప్తుందట! మాటలు. పద్దెనిమిది వేలు. నెలకి రెండువేలు, తొమ్మిది నెలలు.

ఫోన్ చేశాను. "ఊరికే పెట్టిన కార్డు వెచ్చగా ఉండదు పాపా. ఎవరో నడుపుతా ఉండారు" అంది.

మంజన్న సాయంత్రాలు ఆటలు ఆడుకుంటున్నాడేమో. ఆడుకోనీ. ఆటలకైతే డెబ్భై దాటదు.

జూన్ 22

వేడి.

జూన్ 24, బుధవారం

నేను ఉండేది గౌరమ్మ చిన్నమ్మ దగ్గర, షాపు వెనక రెండో సందు. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకి కుచ్చులు కడుతుంది. ఇవాళ కట్టిన చీరలు షాపులో ఇచ్చి వచ్చి, చెప్పులు విడవకుండానే అంది:

"నీ ఫోటో చూపించినారు పాపా, ఆడ. చిలకపచ్చ చీర, కొప్పు నిండా మల్లెపూలు. ఎంత బాగుండావు! నాకు చెప్పనే లేదే?"

"బోణీ ఫోటో అయ్యుంటుంది" అన్నాను.

"బోణీ ఫోటోలో కొప్పు ఎట్లా వస్తాది? నీకు యాడుండాది అంత జుట్టు?"

బోణీ ఫోటోనే అయ్యుంటుంది.

జూన్ 25

బోణీ ఫోటో కాదు.

గ్రూపు తెరిచి చూశాను. తొమ్మిది చీరలు, తొమ్మిదింటిలోనూ నేను. నేను ఎక్కని మెట్లు, ఆనుకోని స్తంభం. ఎడమ కనుబొమలో ఆరేళ్ళప్పుడు నాన్న మగ్గం తగిలి పడిన గాటు కూడా అలాగే ఉంది. మొహం నాది. కిందున్న చేతులు నావి కావు. నా వేళ్ళు పొట్టి.

వ్యాపారులు ఈసారి ఎగతాళి చేయలేదు. ఆర్డర్లు పెట్టారు.

మంజన్నని మెట్ల మీద ఆపాను.

"నన్ను అడగలేదు" అన్నాను.

"ఏమడగాల? షాపులో తీసిన ఫోటోలు షాపువే కదా. రెండేండ్లుగా బోణీకి నిలబడతా ఉండావు, ఎప్పుడన్నా దుడ్డు అడిగితివా?"

"అది ఒక చీర, ఒక ఫోటో. ఇది వేరే."

"ఏం వేరే? నువ్వే చెప్తివి. తొమ్మిది స్టెప్పులు నీ హ్యాండ్‌రైటింగ్‌లోనే ఉండాయి. పొద్దున్నించి నిలబడే కష్టం కూడా తప్పింది నీకు. సుమ్మనే, ఊరికే టెన్షన్ ఎందుకు?" జేబులోంచి రెండువేలు తీసి నా చేతిలో పెట్టాడు.

తీసుకున్నాను.

చీరలే కదా. నిండుగా కట్టిన చీరలు. రెండువేలు తక్కువేం కాదు. నెలనెలా ఇస్తే బాగానే ఉంటుంది. అడగాలి, నెలనెలా ఇస్తాడా అని.

జూన్ 27, శనివారం

ఎందుకు వెతికాను?

కేటలాగ్ ఫోల్డర్ పక్కన ఇంకో ఫోల్డర్ ఉంది. పేరు పిల్లప్ప. పిల్లప్ప అంటే నగర్తపేటలో నైటీలు, లోపలి బట్టలు టోకుకి అమ్మే ఆయన. షావుకారుకి పాత స్నేహితుడు. నేను ఆయనకి రెండుసార్లు టీ ఇచ్చాను.

మొదటి బొమ్మలో నేను పూల నైటీలో ఉన్నాను. రెండోదానిలో మంచం మీద కూర్చున్నాను. పదోదానిలో రెండు గుండీలు లేవు. నలభై మూడు బొమ్మలున్నాయి. ముప్పై ఒకటి దాకా చూసి ఆపాను. బొమ్మ బొమ్మకీ బట్ట తగ్గుతోంది.

అన్నింటిలోనూ నవ్వుతున్నాను. ఎడమకి తిరుగు, కుడికి తిరుగు, నవ్వు, మరీ నవ్వొద్దు.

కుళాయి దగ్గరికి వెళ్ళి వచ్చాను. కార్డు ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడు నేను ఎంచుకున్న చప్పుడు. గంటసేపు పక్కన కూర్చుని, ఆరోగ్యంగా ఉందా లేదా చూసి, ఎంచి తెచ్చుకున్నాను. ఎనిమిది తెచ్చి ఉంటే ఇంత సులువయ్యేది కాదు. నాలుగు జీబీ ఎక్కువ కావాలని పట్టుబట్టింది నేనే. కొత్తది, సీలుతో, మూడేళ్ళ గ్యారంటీతో ఉండింది.

మెట్లు దిగుతుంటే హమాలీ ఒకడు చూశాడు. రోజూ చూసేవాడే. ఇవాళ ఎందుకు చూశాడు?

జూన్ 28, ఆదివారం

బయటికి వెళ్ళలేదు.

చిన్నమ్మకి చెప్పాను. చెప్పకపోతే ఎవరో చూపిస్తారు. కుచ్చు కడుతున్న దారం అలాగే వేలికి చుట్టుకుని కూర్చుండిపోయింది.

"నువ్వు కాదని నాకు తెలుసు. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని, నాకు తెలియదా? వీధికి ఎట్లా చెప్తావు పాపా? ఒక్కొక్కరి ముందర చెయ్యి చాపి చూపిస్తావా, ఇదో చూడండి నా వేళ్ళు పొట్టివని?"

"పిల్లప్ప కేటలాగ్ అచ్చు కాకముందే ఆపాలి."

"మీ నాయనకి?"

నాన్నకి ఫోన్ చూడటం సరిగా రాదు. మగ్గం పక్కన కూర్చునే కుర్రాళ్ళకి బాగా వచ్చు. వాళ్ళు చూస్తారు, చూసి నాన్నకి చూపించాలా వద్దా అని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు. ఆ మాటలు వినిపిస్తున్నాయి నాకు. ఇంకా ఎవరూ మాట్లాడలేదు, అయినా వినిపిస్తున్నాయి.

జూన్ 29, సోమవారం

షాపు తీయగానే పైకి వెళ్ళాను. స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంది. రెండు స్క్రూలు, ఒక క్లిప్పు, ఒక వైరు. పీకి సంచిలో వేసుకుంటే బొమ్మలు ఆగిపోతాయి. పిల్లప్ప దగ్గర మెషీన్ లేదు, చేసేదంతా ఇక్కడే, ఈ కార్డు మీదే.

ఒక స్క్రూ తీశాను. రెండోది తీయలేకపోయాను. మళ్ళీ బిగించి, మంజన్న రాకముందే సమీనా కొట్టుకి పరిగెత్తాను. అంతా విని, కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది.

"పీకినావా?"

"లేదు."

"మంచిపని చేసినావు. పీకింటే దొంగవి నువ్వు. పోలీసుకి పోయి కార్డు పోయిందని రాయిస్తారు, నీ మొహం సంగతి ఎవడూ అడగడు. ఇప్పుడు దొంగలు వాళ్ళు. అట్లనే ఉండనీ."

"ఇది నేనే ఎంచుకున్నాను అక్కా. ఎనిమిది తీసుకుని ఉంటే..."

"ఎనిమిదిలో అయినా చేస్తారు, రెండు రోజులు ఎక్కువ పడతాది. కార్డుని తిట్టొద్దు, అది ఏమి పెడితే అది అరిగిస్తాది. బొమ్మలన్నీ, తేదీలు కనపడేట్టు ఫోన్‌తో ఫోటో తీసుకున్నావా?"

"లేదు."

"థూ! అదీ పని. స్క్రూలు విప్పడానికి వచ్చినావంట!"

మధ్యాహ్నం మంజన్న భోజనానికి దిగగానే తీసుకున్నాను. ఫోల్డర్, తేదీలు, నా పేరుతో ఉన్న ఫైలు. తొందరలో ఏడు ఫోటోలు మసకగా వచ్చాయి. మళ్ళీ తీశాను. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. నళిని కాలంనాటి పాత రిజిస్టర్ల కోసం వచ్చిన గుమాస్తా. ఫోన్‌ని కొంగులో దాచుకున్నాను, దొంగలాగా. దొంగలు వాళ్ళని ఇప్పుడే కదా చెప్పింది.

జూన్ 30, మంగళవారం

షావుకారుకి చెప్పాను. పరుపు మీద కూర్చుని ఉన్నాడు, బేరాలు లేని వేళ చూసి వెళ్ళాను. నాలుగు బొమ్మలు చూపించాను. రెండోదానికే మొహం తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడం చూసి, ఈయన పరవాలేదు అనుకున్నాను.

"శివశివా. నాకీ కంప్యూటర్ సంగతులు తెలీవమ్మా."

"ఆపించండి షావుకారూ. మీరు చెప్తే మంజన్న వింటాడు."

"పిల్లప్ప అడ్వాన్స్ ఇచ్చినాడు. గురువారం మధ్యాహ్నం ప్రెస్‌కి పోతాది అది." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఒక పని చేస్తాం. మంజుకి చెప్తా, ముక్కు స్వల్ప మార్చమని. కండ్లు చిన్నవి చెయ్యమని. అప్పుడు నువ్వు కాదు కదా?"

"ఎంత మారిస్తే నేను కాకుండా పోతాను?"

"అట్లా అడ్డం మాట్లాడితే ఎట్లమ్మా. దుడ్డు తీసుకున్నావంట కదా?"

మంజన్న చెప్పేశాడు. చెబుతాడని తెలుసు. రెండువేలు తీసుకున్న చెయ్యి చీర మడతల్లో దాచుకున్నాను, ఆయనకి కనబడుతుందేమో అన్నట్టు.

"అది చీరలకి" అన్నాను చివరికి. ఎంత చిన్న గొంతుతో అన్నానో!

"చీరైతే ఏమి, నైటీ అయితే ఏమి, రెండూ గుడ్డలే. ఇంత పెద్దది చేస్తే ఎవరి పేరు పోతాది చెప్పు? నాదా, పిల్లప్పదా? ఆడపిల్లవి, ఆలోచించుకో."

అది సలహా కాదు. నాకు తెలుసు అదేమిటో.

మెట్లెక్కి పైకి వెళ్ళి సాయంత్రం దాకా శ్రావణం చీరల పని చేశాను. చేశాను! భయంతో చేతులు వాటంతటవే పని చేస్తాయి.

జులై 1, బుధవారం, పొద్దున

తెల్లవారి లేచి కన్నడంలో రాసి కవర్‌లో పెట్టాను. కింద రాస్తున్నది నా భాషలో నకలు. పది గంటలకి షాపు తీస్తారు, తీయగానే షావుకారు చేతికి ఇస్తాను. చిన్నమ్మ తోడు వస్తానంది. వద్దన్నాను. చెప్పులు వేసుకున్నాక మళ్ళీ రమ్మన్నాను.

కృష్ణప్ప షావుకారుకి,

మీ కొడుకు మంజునాథ్ నన్ను అడగకుండా నా మొహాన్ని ఫైలుగా చేశాడు. దాంతో నేను వేసుకోని బట్టల్లో నన్ను కూర్చోబెట్టి పిల్లప్పకి అమ్మాడు. నలభై మూడు బొమ్మలు. తేదీలతో సహా నా దగ్గర ఫోటోలున్నాయి. ఒక నకలు షాపుతో సంబంధం లేని మనిషి దగ్గర ఉంది.

ఎలా చేయాలో నేర్పింది నేనే. కార్డు ఎంచింది నేనే. నా మొహంతో చేయమని చెప్పలేదు. రెండువేలు తీసుకోవడం నా తప్పు. ఇందులో పెట్టాను, నాలుగు ఐదువందల నోట్లు. లెక్క చూసుకోండి.

ముక్కు మార్చవద్దు. కళ్ళు చిన్నవి చేయవద్దు. నా మొహంతో మొదలుపెట్టింది ఎంత మార్చినా అది నా మొహంతో మొదలైందే.

నాకు కావలసినవి: మీరు, నా ఎదుట, పిల్లప్పకి ఫోన్ చేసి ప్రెస్ ఆపించాలి. ఆ ఫైలూ, బొమ్మలూ, బోణీ ఫోటోలన్నీ కంప్యూటర్‌లోంచీ, మంజునాథ్ ఫోన్‌లోంచీ, పిల్లప్ప దగ్గరినుంచీ నేను చూస్తుండగా తీసేయాలి. మిషన్‌తో చేసిన బొమ్మలు శశికళవి కావు, ఆమెని అడగలేదు అని నాలుగువందల మంది ఉన్న గ్రూపులో మీ పేరుతో పెట్టాలి. ఆ తర్వాత నన్ను పనిలో ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం. కార్డు మీది. అది బాగానే ఉంది, దానికేం కాలేదు.

నాకు భయం లేదనుకోవద్దు. ఇది రాస్తుంటే రెండుసార్లు కలం జారింది. పేరు ఎవరిది పోతుందని అడిగారు కదా. నాది పోతుంది. పోయినా పోలీసు దగ్గరికి వెళ్తాను.

నోటిమాట వద్దు. జవాబు కాగితం మీద, మీ సంతకంతో కావాలి. రేపు, జులై 2, గురువారం, పొద్దున పదకొండు గంటల లోపల. పదకొండు దాటితే నేను సైబర్ క్రైమ్ స్టేషన్‌లో ఉంటాను. అక్కడ మీరు నాకు కాదు, వాళ్ళకి జవాబు చెప్పాలి.

శశికళ